బుధవారం చేప

చమఖండి
9-7-1974

సత్తెమ్మకి, నీ పెదనాన కాసులు రాస్తన్నది.

నీ కారడు అందింది. పోస్టుబాబు మా వాకిట్లో సైకిలాపి, "ఓ ముసలయ్యా, నీకెవులో ఆడకూతురు రాసింది" అనీసి ఈదంతా ఇనేలా అరిసినాడు. రెండుసార్లు సదివినాను. సేపలు కావాలని రాసినావు. పన్నెండేళ్ళకి పెదనాన గేపకమొచ్చినాడు, అదీ సేపలకోసం.

సేపల సంగతి తరవాత. ముందు నా మాట ఇను.

అరవైరెండులో మీ నాన బరంపురంలో గోసాని నువాగాం పేటలో ఇల్లు కట్టి పాలు పొంగించినాడు. నన్ను పిలవనేదు. తోడబుట్టినోడింటికి పిలుపేటనీసి నానే ఎల్లినాను. ఎనిమిది కొయ్యంగ సేపలు, ఒక పండుగప్ప తడిగోనెలో సుట్టి నెత్తినెట్టుకోని టేసన్నుంచి నడిసినాను. గుమ్మంలో మీ నాన ఆఫీసు పెద్దబాబు, ఒడియావోడు, కుర్సీలో కూకున్నాడు. ఎవరీయన అన్నాడు. మీ నాన నా మొకం సూడకండా "సె ఆమర మాఛబాలా" అన్నాడు. మా సేపలోడు అనీసి. ఒడియాలో అంటే నాకు తెల్దనుకున్నాడేటి? నా పడవలో సగంమంది ఒడియావోళ్ళే. ఆ బాబు నవ్వులాటకి నీకేసి తిరిగి "నిజమేనా పిల్లా" అన్నాడు. పదేళ్ళ గుంటవి, రెండు జడలకి రిబ్బన్లు కట్టుకోని ఉన్నావు. నా మొకంలోకి సూసి మరీ తలూపినావు.

మీ నాన కూర్ముడు నా కళ్ళముందు పుట్టినాడు. మా అమ్మ పోతే నా ఈపు మీద పెరిగినాడు. బర్మాకెల్లి రంగంలో బియ్యం మిల్లులో బస్తాలు మోసి ఆణ్ణి బళ్ళో ఏసినాను. ఆ రంగంలోనే ఒక మేస్త్రీ కాడ నాలుగు అచ్చరాలు నేర్సుకున్నాను. ఆ నాలుగచ్చరాలే నీకు ఐదేళ్ళప్పుడు ఈ ఇసకలో దిద్దించినాను. ఒడియా బడిలో సదివినా ఈ కారడు తెలుగులో రాయగలిగినావంటే అందుకే. ఆ రోజు సేపలు మీ పెరట్లో దించీసి మంచినీళ్ళు ముట్టకండా ఎల్లిపోయినాను. కూర్ముడు అప్పుడే పేరెనకాల రావు తగిలించుకున్నాడు. రావుగారికి సేపలోళ్ళ అన్నలుండరు గావాల.

సేపలు అంపుతాను. అడిగినోళ్ళకి కాసులు సేప నేదన్నాడనే మాట ఈ ఒడ్డున పుట్టకూడదు. ఏ సేప, ఎన్ని, ఏ రోజు, రాయి. తినడానిక్కాదని రాసినావు. తినని సేపని ఎందుకు సంపాలో అదీ రాయి.

కాసులు

*

బరంపురం
18-7-1974

పూజ్యులైన పెదనాన్నగారికి సత్యవతి నమస్కారాలు.

ఉత్తరం అందింది. పాత విషయాలు నాన్నగారితో మాట్లాడే చొరవ నాకు లేదు. అప్పటికి నాకు పదేళ్ళు, పెద్దవాళ్ళు అడిగితే తలూపడమే తెలిసిన వయసు. ఇకమీదట ఉత్తరాలు ఇంటికి కాకుండా కింద రాసిన డిపార్టుమెంటు చిరునామాకు రాయండి. ఇంట్లో అనవసరమైన ప్రశ్నలు వస్తాయి.

నేను ఎమ్మెస్సీ అయ్యాక చేపల కండ మీద పరిశోధన మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు, సోమవారం, బుధవారం, రోజుకు నాలుగు కొయ్యంగలు కావాలి. జానెడుకు మించనక్కరలేదు. పట్టిన చేపను తొట్టిలో అరగంట వదిలి, అది నిమ్మళించాక తలమీద ఒకే ఒక దెబ్బ వెయ్యాలి. కొట్టుకుని చావకూడదు. సముద్రపు నీళ్ళతో కడగకూడదు. వెంటనే ఐసులో పెట్టి ఉదయం బండికి పంపాలి. మీ ఊరి నీలమ్మ రోజూ బరంపురం బజారుకు గంప తెస్తుంది కదా, ఆవిడ చేతికిస్తే స్టేషన్‌లో నేను అందుకుంటాను. ఇక్కడ బతికున్న చేపలు ఉంచడానికి తొట్టి లేదు.

దయచేసి ఈ పద్ధతి తప్పకండి. డిగ్రీ అంతా దీనిమీదే ఉంది.

సత్యవతి

*

చమఖండి
27-7-1974

సత్తెమ్మకి.

నీ కాగితం జగ్గమ్మకి సదివి ఇనిపించినాను. నీ మేనత్త నీకు గేపకముందో నేదో, మొగుడు పోయినకాణ్ణుంచి నా కాడే ఉంటంది. "ఓలమ్మో, సచ్చే సేపకి నిమ్మళమేటన్నా, పెళ్ళికూతురేటి" అనీసి పొట్ట పట్టుకోని నవ్వింది. నానూ నవ్వినాను. సేపని ఎలగ సంపాలో కాసులుకి నేర్పుతావేటి నువ్వు?

నీలమ్మ సరేనంది. "నీ సదువులమ్మ సేపల ఐసు కారి నా నెత్తి తడిస్తే నువ్వే తుడవాల మావా" అంది. దానికి నోరెక్కువ.

సోమారం, బుధారం. దెబ్బ సంగతి నాను సూసుకుంటాను. నమ్మకం నేకపోతే ఒక బుధారం వొచ్చి నీ కళ్ళతో సూడు. ఛత్రపూర్‌లో రైలు దిగితే గంట నడక. ఆ కండలో ఏటుందో కూడా రాయనేదు నువ్వు.

కాసులు

*

బరంపురం
3-11-1974

పెదనాన్నకు,

ఆ కండలో ఏముందని మీరు మూడుసార్లు అడిగించారు, రెండుసార్లు నీలమ్మ చేత. ఇక్కడ ఎవరూ అడగరు. నాన్నకు డిగ్రీ ఎప్పుడొస్తుందన్నదే కావాలి. అమ్మకు నా చేతుల నీచువాసన పోతుందా లేదా అన్నదే. కాబట్టి మీకు చెబుతాను.

చేప భయపడితే దాని రక్తంలో అడ్రినలిన్ అనే హార్మోను ఊరుతుంది. మనకీ అంతే, గుండె దడదడలాడేది దానివల్లే. ఆ హార్మోను కండ లోపలికి పోదు. బయట నిలబడి తలుపు తడుతుంది. లోపల ఎంజైములనే పనివాళ్ళున్నారు. చప్పుడు వినగానే ఒకడు ఇంకొకణ్ణి లేపుతాడు. ఆఖరివాడు కండలో దాచిన పిండిని విరగ్గొట్టి చక్కెర చేస్తాడు. ఆ చక్కెర బలంతోనే చేప తోక కొట్టి తప్పించుకునేది.

అయితే ఈ పనివాళ్ళ చేతులు ఊరికే ఆడవు. ఉప్పు నీళ్ళలో కరిగాక విడివిడిగా తిరిగే రేణువులుంటాయి. అయాన్లంటారు. మెగ్నీషియం అయాన్లు లేకపోతే పని మొదలే కాదు. కాల్షియం సంగతే గొడవ. లేపుతుందని కొందరు, పడుకోబెడుతుందని కొందరు. కొయ్యంగ కండలో అది ఏం చేస్తుందో తేల్చడమే నా పని. యంత్రం నా వంతుకొచ్చేది వారానికి రెండు రోజులే. సోమవారం మెగ్నీషియం పోసి చూస్తాను, బుధవారం కాల్షియం పోసి చూస్తాను.

ఇప్పుడు ఆ ఒక్క దెబ్బ గురించి ఎందుకంత చాదస్తంగా రాశానో చెబుతాను. చేప గిలగిల కొట్టుకుని చచ్చిందంటే పనివాళ్ళు అప్పటికే పరిగెత్తి పరిగెత్తి పడిపోయి ఉంటారు. పిండి అయిపోయి ఉంటుంది. పైనుంచి నేనెంత హార్మోను పోసినా ఒక్కడూ లేవడు. అలాంటి కండ నాకు చెత్త కింద లెక్క.

మీ చేతి దెబ్బ మీద నాకు నమ్మకముంది. ఒకసారి రావాలనే ఉంది, కుదరడం లేదు.

సత్యవతి

*

చమఖండి
20-11-1974

అమ్మా సత్తీ,

నీ కాగితం నాలుగుసార్లు సదివినాను. ఇన్నేళ్ళకి ఒక మడిసి నాకు తెలిసిన సంగతి నాకు తెలీని పక్కనుంచి సెప్పింది. వలలో సానాసేపు తన్నుకున్న సేప బేగి బిర్రబిగుస్తాది. నీలమ్మ బొటనేలితో నొక్కి, ఇది గింజుకోని సచ్చింది మావా, బజారుకి పనికిరాదు అంటాది. ఎందుకు బిగుస్తాదో మా నానకీ తెల్దు, ఆళ్ళ నానకీ తెల్దు. లోపల పిండి అయిపోయిందన్నమాట. పనోళ్ళు పడిపోయినారన్నమాట. పడవలో నాతో వొచ్చే కొండలుకి సెప్తే, "ఆ పనోళ్ళకి కూలెవులిస్తారు?" అన్నాడు. ఎదవ.

ఆ కాగితం సదివినకాణ్ణుంచి నాకు మనసు బాగోనేదు. ఎందుకో రాయను. బుధారం సేప సంగతి నాను సూసుకుంటాను. పోయిన నీ పెద్దమ్మ దానమ్మ నన్ను సమించాల, అంతే.

ఒక మాట అడుగుతాను. నీ పుస్తకం అచ్చయినప్పుడు నా పేరు ఎక్కాల. ఉత్త పేరు కాదు. నాను నీకు ఏటవుతానో అది ఎక్కాల. ఇంకేటీ వొద్దు నాకు.

మీ పెదనాన

*

బరంపురం
24-12-1974

పెదనాన్నగారికి,

ఈ నెల 4, 11, 18 తారీకుల్లో వచ్చిన బుధవారం చేపలు పాడు చేశారు. ఏం చేశారో నాకు తెలియదు. అంతకుముందు పదిహేను బుధవారాలూ కాల్షియం పోస్తే హార్మోను మాట చెల్లలేదు, కండ చప్పబడి ఉండేది. వరసగా ఒకే జవాబు. ఈ మూడు బుధవారాలూ చక్కెర అంకె రెట్టింపు ఎగిరింది. సముద్రపు నీళ్ళతో కడిగారా? ఐసు తక్కువైందా? మా సారు ముందు తల దించుకోవలసి వచ్చింది. మూడు రోజుల అంకెలూ కొట్టేశాను.

దయచేసి కొత్త పద్ధతులు పెట్టకండి. ఇంతకుముందు ఎలా పంపేవారో సరిగ్గా అలాగే పంపండి. ఇది ఇంటి కూర కాదు.

సత్యవతి

*

చమఖండి
2-1-1975

నీ కాగితం అందింది.

ముందెలగ అంపేవోణ్ణో అలగే అంపుతాను. ఆ మూడు బుధారాలు ఏటి మారిందనీసి నువ్వు అడగనేదు. కూలోడికి సెప్పినట్టు సెప్పినావు. అలగే కానీ.

కాసులు

*

బరంపురం
14-2-1977

పెదనాన్నగారికి నమస్కారాలు.

రెండేళ్ళుగా మీరు ఉత్తరాలు రాయకపోయినా చేపలు ఒక్క వారమూ తప్పలేదు. అందుకు కృతజ్ఞురాలిని.

నా పని పూర్తయింది. కొయ్యంగ కండలో మెగ్నీషియం అయాన్లుంటే హార్మోను ఆజ్ఞ నడుస్తుంది, కాల్షియం అయాన్లు చేరితే ఆ ఆజ్ఞ ఆగిపోతుంది. ఇదీ నేను తేల్చింది. నూరు పైచిలుకు బుధవారాలు ఒకే మాట చెప్పాయి. చివరి చేపల దాకా ఒకే మాట. పోయిన ఏడాది పత్రికలో వ్యాసం వచ్చింది. మా సారు నన్ను చూసి గర్వపడుతున్నారు. వచ్చే నెలలో సిద్ధాంతగ్రంథం ఇస్తాను. బయటినుంచి పరీక్షించడానికి ఒక పెద్దాయన వస్తారు. అది కాగానే ఇక్కడే లెక్చరరు పోస్టు ఖాళీ ఉంది, నాకే వస్తుందంటున్నారు.

మీరు కోరినట్టే గ్రంథం మొదటి పేజీలో మీ పేరు వేశాను. ఆ పేజీ నకలు నీలమ్మ చేతికిస్తున్నాను. ఇంగ్లీషులో ఉంది, ఎవరిచేతనైనా చదివించుకోండి.

సత్యవతి

*

చమఖండి
6-3-1977

సత్తెమ్మకి.

నీ పేజీ పట్టుకోని ఛత్రపూర్ ఎల్లినాను. వెంకటరమణమూర్తి అనీసి ఒక ముసిలి మేస్టారున్నారు, తెలుగాయన. ఉతికిన సొక్కా ఏసుకోని ఎల్లినాను, నా పేరు ఇనడానికి. ఆయన కళ్ళజోడెట్టుకోని సదివి, "చమఖండి చేపల సప్లయరు కాసులుకు ధన్యవాదాలు అనుందయ్యా" అన్నారు.

"సప్లయరంటే?"

"సరఫరా చేసేవాడు. చేపలు తెచ్చిచ్చేవాడు."

"ఆ పక్కన ఇంకేటీ నేదా బాబూ? తమ్ముడి కూతురనీసి గాని, పెదనాననీసి గాని?"

"లేదయ్యా. పైన మాత్రం 'మా తండ్రిగారు శ్రీ కూర్మారావుగారి ఆశీస్సులతో' అని ఉంది."

సరే. ఇప్పుడు నాను సెప్పేది ఇను. కూకోని సదువు.

నీ పెద్దమ్మ దానమ్మ బుధారం పోయింది. సచ్చే ముందు రెండు రోజులు ఎగపోసింది, గాలికోసం తన్నుకుంది. అది సూసినాక బుధారం నాడు నా సేత్తో ఏ ప్రాణం మీదా దెబ్బెయ్యననీసి దానికి మాటిచ్చినాను. బుధారం పడిన సేపని ఎండుగడ్డి మీద ఒగ్గేస్తాను. అదే తన్నుకోని, తన్నుకోని, దానంతట అదే పోతాది. నీకు అంపిన బుధారం సేపలన్నీ అలగ పోయినవే. గడ్డిమీద ఒక్కోటి గంటసేపు కొట్టుకునేది. తరవాత ఐసులో ఎట్టేవోణ్ణి.

అది నీకు సేటని నాకు తెల్దు, నువ్వు రాసేదాకా. రాసినాక నాలుగు రోజులు అన్నం సయించనేదు. సచ్చినదానికిచ్చిన మాట పెద్దదా, బతికున్న బిడ్డ సదువు పెద్దదా అనీసి. నీకోసం మాట తప్పినాను. మూడు బుధారాలు కళ్ళు మూసుకోని సేప తలమీద దెబ్బేసినాను. ఇంటికొచ్చి దానమ్మ దీపం కాడ కూకోని ఏడిసినాను. ఆ మూడు బుధారాలే నాను పాడుసేసినాననీసి నువ్వు కొట్టీసినావు. ముందులాగే అంపమన్నావు. ముందులాగే అంపినాను.

తెలిసే అంపినాను. రెండేళ్ళు. ప్రతి బుధారం ఆ సేప కొట్టుకుంటంటే పక్కన సుట్ట కాలుస్తా కూకునేవోణ్ణి. ఇయ్యాల అడుగుతాది, రేపు వొస్తాది అనుకునేవోణ్ణి. నువ్వు అడగనేదు. గంట నడక నువ్వు నడవనేదు. నీ పుస్తకంలో బుధారాలన్నీ అబద్ధం.

నీ కాల్షియం దేన్నీ ఆపనేదు. ఆపింది నానే.

కాసులు

*

బరంపురం
15-3-1977

నిన్ను ఏమని పిలవాలో తెలియడం లేదు.

అబద్ధమనుకున్నాను. కోపంతో రాశావనుకున్నాను. నిన్న సోమవారం వచ్చిన చేప కండలోనే సగం తీసి, దాంట్లో కాల్షియం పోసి చూశాను. రెండున్నరేళ్ళలో ఒక్కసారీ చెయ్యని పని. హార్మోను మందు ఖరీదని, సోమవారం మామూలు కండ ఎలా ఉందో చూశాను కదా, బుధవారానికీ అదే సరిపోతుందని, పోల్చి చూసే జత విడిగా పెట్టలేదు. నిన్న పెట్టాను. రెట్టింపు లేచింది. ఆ మూడు బుధవారాలు చెప్పిన మాటే చెప్పింది. నేను కొట్టేసిన అంకెలే నిజం, అచ్చు వేయించిన అంకెలన్నీ చెత్త.

తెలిసి చేశావు. ప్రతి బుధవారం నేను స్టేషన్‌లో నీలమ్మ దగ్గర ఆ చేపల గిన్నె తీసుకుని పరిగెత్తేదాన్ని, ఐసు కరిగిపోతుందని. రిక్షా దొరక్కపోతే వానలో నడిచాను. నువ్వు అక్కడ చుట్ట కాలుస్తున్నావు. నీ తమ్ముడి మీద కోపం తీర్చుకోవడానికి నీకు దొరికింది నేనా?

సప్లయరని రాసినందుకు నీకు నొప్పి పుట్టింది. విను. సప్లయరుకి నిజాయితీ ఉంటుంది. నీలమ్మ నాకేమీ కాదు, ఒక్కరోజు కూడా చెడిపోయిన చేప అమ్మలేదు. సప్లయరన్నది నీకు పెద్ద మాట, నువ్వు ఆపాటి కూడా కాదు. ఆ రోజు నాన్న ఆ పెద్దబాబుతో ఏం చెప్పారో నాకు గుర్తుంది. ఇంకోసారి ఎవరైనా అడిగితే ఇంకోసారి తలూపుతాను.

నా ఉత్తరాలు ఉంటే కాల్చెయ్యి.

సత్యవతి

*

బరంపురం
5-4-1977

పెదనాన్నకు,

మొన్నటి ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. రాయవలసినంత మంచి ఉత్తరం కాదది. అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను, కానీ మీతో పనిబడింది.

గ్రంథం ఇవ్వకుండా ఆపి మా సారుకి అంతా చెప్పేశాను. మీ మార్చి ఉత్తరం చూపించడానికి లేదు, కోపంలో చింపేశాను. ఆయన నా అంకెల పుస్తకం మొదటినుంచి తిరగేశారు. తర్వాత, "రెండు దారులున్నాయి. ఆ చేపలవాడు తప్పు చేశాడన్నది నిజమైతే వాడి చేత రాయించి సంతకం పెట్టించుకురా. అప్పుడు తప్పు నీది కాదు. ఆరు నెలల గడువిప్పిస్తాను, బుధవారాల పని మళ్ళీ చేసుకో. కాగితం రాకపోతే అంకెలు నువ్వే కల్పించావని, పట్టుబడతానని భయపడి కథ అల్లుతున్నావని అనుకోవలసి వస్తుంది. పై ఆఫీసుకు అలాగే రాస్తాను" అన్నారు. ఏప్రిల్ 22, శుక్రవారం, ఆఖరి రోజు. ఆ తర్వాత నా పేరు కొట్టేస్తారు. ఇంకెక్కడా నన్ను చేర్చుకోరు.

నాన్నకు చెప్పక తప్పలేదు. "ఏం కావాలట ముసలాడికి? పంచెల చాపా? దుప్పటా?" అన్నారు. మీ అన్నయ్య కదా నాన్నా, మీరు వెళ్ళి అడగండి అన్నాను. "అన్నయ్యా గిన్నయ్యా అని అరవకు, పక్కవాటావాళ్ళు వింటారు" అని లేచి కిటికీ మూశారు. అమ్మ వంటింట్లోంచి, "ఆ గిన్నెలు మోసిన రోజే చెప్పాను, ఆ నీచు ఈ ఇంటికి మంచిది కాదని" అంది. ఇదీ మా ఇల్లు. మీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

నేను వస్తాను. మీరు ఏ రోజంటే ఆ రోజు. కాగితం నేనే రాస్తాను, మీరు చదువుకుని సంతకం పెట్టండి చాలు. గ్రంథంలో ఆ పేజీ మార్చి మా పెదనాన్నగారు అని వేస్తాను.

నా చేతిలో ఇంకేమీ లేదు.

సత్యవతి

*

చమఖండి
12-4-1977

సత్తెమ్మకి, కూర్ముడి అన్న కాసులు రాస్తన్నది.

నీ రెండు కాగితాలూ అందినాయి. మొదటిది జగ్గమ్మకి సదివి ఇనిపించనేదు. అంతకుముందొచ్చినవన్నీ ఇనిపించేవోణ్ణి. తలుపు కొట్టడం, పనోళ్ళు లేవడం, అదంతా దానికి కంఠతా వొచ్చు. రెండోది ఇనిపించినాను. కిటికీ మూసిన కాడ అది లేసి బయటకెల్లిపోయింది. వొచ్చి, "ఆ పిల్లేం సేసిందన్నా, ఇచ్చీ ఆ కాగితం, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. కాళ్ళు పట్టుకుంది కూడా. సేతులు తీసీమన్నాను.

నీ సదువు పోతాదని నాకు తెలుసు. నాకేటీ అవదనుకోకు. ఏడుపొచ్చింది. వొస్తే రానీ. ఏడిసినంత మాత్రాన నా మాట మారదు.

నువ్వు రాయక్కర్నేదు. కాగితం నానే రాసి ఉంచినాను, నా సేత్తో, మూడు రోజులు పట్టింది. ఏటి రాసినానంటే, బుధారం సేపలు నాను దెబ్బెయ్యకండా ఒగ్గీసినాను, అవి తన్నుకోని సచ్చినాయి, మొదట తెలీక సేసినాను, డెబ్భైనాలుగు నవంబరు నుంచి తెలిసే సేసినాను, నడమ మూడు బుధారాలు మంచి సేపలు అంపినాను, ఆ పిల్లకి ఇదేటీ తెల్దు, అని. కింద సంతకం ఎట్టినాను, ఏలిముద్ర కూడా ఏసినాను, ఎవులూ కాదనకండా. నా తప్పు రాసుకోడానికి నాకు సిగ్గు నేదు. అలాటి సిగ్గు ఉన్నోడు ఎవుడో నీకు తెలుసు.

పైన ఒక గీత ఖాళీగా ఒగ్గినాను. అది నాను రాయను, నువ్వు రాయడానికి నేదు. అది కూర్ముడు రాయాల. తెలుగులో, ఆడి సేత్తో. "ఈ కాగితం రాసిన కాసులు నా తోడబుట్టిన అన్న" అనీసి రాసి, కూర్మారావో కూర్ముడో, ఆడికేది ఇష్టమైతే ఆ సంతకం ఎట్టాల. ఆ గీత ఉన్న కాగితమే నీ సారు సేతికెల్తాది. మీ సారు సదువుతారు, ఆయన పైనోళ్ళు సదువుతారు, మీ నాన ఆఫీసు దాకా కూడా ఎల్తాదేమో, ఎల్లనీ. ఆ గీత నేకండా ఈ కాగితం ఎవులికీ ఇవ్వను. నీకూ ఇవ్వను. నువ్వు ఒక్కర్తివీ వొస్తే జగ్గమ్మ అన్నం ఎడతాది, తినీసి ఎల్లు, కాగితం అడక్కు.

పేజీ మారుస్తాననీసి రాసినావు. పీకమీదికొచ్చినాక మార్సిన పేజీ నాకెందుకు? నాను అడిగినప్పుడు నీ సేతిలో పెన్నుంది, అప్పుడు రాయాల్సింది.

ఆడు ఎలగ రావాలో కూడా ఇను. ఛత్రపూర్‌లో దిగి నడిసి రావాల, నానూ నా ఈదీ మేలుకోని ఉన్న ఏళ. ఈది మొదట్నుంచి మా గుమ్మం దాకా ఎవులన్నా "ఎవరింటికి బాబూ" అనీసి అడిగితే ఆడే నోరిప్పి సెప్పాల. నువ్వు సెప్పకూడదు. పంచెల చాపు తెస్తే పొయ్యిలో ఎడతాను. గీత రాసేటప్పుడు కొండలు, నీలమ్మ, ఈదిలో ఇంకో పదిమంది సూస్తా ఉంటారు. నాకు సాచ్చికం కోసం కాదు. ఆడికి బాగుంటాదని.

నువ్వనుకోవొచ్చు, పెదనాన మెత్తబడతాడు, ఆఖరికి ఇచ్చేస్తాడు అనీసి. నీ పదిహేనో తారీకు కాగితం నాను కాల్చనేదు, దగ్గరెట్టుకున్నాను. మెత్తబడతన్నానని తోస్తే తీసి సదువుకుంటాను.

మీ సారు గడువు శుక్రవారం. నాను అంతదాకా ఆగను. ఇరవై ఒకటో తారీకు, గురువారం, మజ్జానం పన్నెండు కొట్టేదాకా గుమ్మంలో కూకుంటాను. ఆ తరవాత నువ్వు మోకాళ్ళ మీద వొచ్చినా కాగితముండదు. ఈలోగా నాకు జవాబు కావాల. నీది కాదు, ఆడిది. పెద్ద కాగితం అక్కర్నేదు, కారడు ముక్క సాలు. వొస్తాడా, రాడా? పందొమ్మిదో తారీకు, మంగళారం టపాకి అది నా సేతికి అందాల.

కాసులు